దిగబడిన వాహనాన్ని బయటికి తీసే సామగ్రి: ఏది ముందు కొనాలి, ఎంత బలమైనది కొనాలి

నిండు బరువుతో 2,600 కిలోలు తూగే, విడిగా ఛాసిస్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం మీది. ఎక్కువసార్లు మరో వాహనం తోడుంటుంది, కొన్నిసార్లు ఒంటరిగా వెళ్తారు, దారిలో ఇసుకా బురదా రెండూ తగులుతాయి. స్ట్రాప్ (లాగే పట్టీ), షాకిళ్లు (పట్టీని బండికి తగిలించే కడియాలు), చేతితొడుగులు అన్నీ ఒకే సంచిలో పెట్టి అమ్మే కిట్ కొనాలా, లేక ఆ డబ్బు కూడా కలుపుకుని నేరుగా వించ్ (మోటారుతో తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) బిగించుకోవాలా అన్నది మీ ప్రశ్న. చాలా ఏళ్లుగా సొంత బండినీ, తోటివారి బండ్లనూ దిగబడిన చోటి నుంచి బయటికి తీస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఈ రెంటిలో ఏదీ మీ మొదటి కొనుగోలు కాకూడదు. ముందుగా చూడవలసింది మీ బండికి తాడు తగిలించే చోటు. ఆ చోటు సరైనది కాకపోతే ఎంత మంచి స్ట్రాప్ కొన్నా, ఎంత బలమైన వించ్ బిగించినా, మీరు ప్రమాదాన్ని కొని తెచ్చుకున్నట్టే.

కాబట్టి ఒకసారి బండి కిందికి వంగి, ముందూ వెనుకా ఏమున్నాయో చూడండి. చాలా వాహనాలకు ముందు భాగంలో సన్నని ఇనుప రింగులు కనిపిస్తాయి. ఓడలోనో ట్రక్కు మీదో బండిని తరలించేటప్పుడు కదలకుండా కట్టివేయడానికి పెట్టినవి అవి. బంపర్‌లోని చిన్న మూత తీసి మర తిప్పి బిగించే కొక్కెం మరో రకం. చదునైన రోడ్డు మీద ఆగిపోయిన బండిని నెమ్మదిగా లాక్కుపోవడానికి మాత్రమే అది పనికొస్తుంది. ఈ రెండూ రికవరీ పాయింట్లు, అంటే దిగబడిన బండిని లాగేందుకు తాడు తగిలించే చోట్లు, కావు. నిజమైన రికవరీ పాయింట్ ఛాసిస్ కమ్మీకి కనీసం రెండు హై టెన్సైల్ (ఎక్కువ లాగుడు తట్టుకునే) బోల్టులతో బిగించి ఉంటుంది, ఎంత భారానికి తయారైందో దాని మీద ముద్రించి ఉంటుంది, తాడు తగిలే అంచులు గుండ్రంగా ఉంటాయి. బోల్టు తల మీద 8.8 లేదా 10.9 అనే అంకెలు ఉంటాయి. ఆ అంకెలు లేని సాధారణ బోల్టులతో బిగించిన పాయింట్ ఎంత మందంగా కనిపించినా నమ్మకండి. ఇరుసుకు, సస్పెన్షన్ భాగాలకు, స్టీరింగ్ కడ్డీలకు, బంపర్‌కు తాడు కట్టి లాగడం ఎప్పుడూ తగదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ పని నేర్చుకుంటున్న తొలి రోజుల్లో, బురదలో దిగబడిన మిత్రుడి బండిని నా బండితో లాగాను. అతని బండి ముందున్న రింగు చూడటానికి దిట్టంగానే ఉంది, అందుకే ఇద్దరం ఇంకేమీ ఆలోచించకుండా షాకిల్ దానికే తగిలించాం. మొదటి లాగుడుకు బండి కదలలేదు. రెండోసారి నేను కాస్త వేగం పెంచగానే ఆ రింగు వెల్డింగ్ దగ్గర ఊడి, షాకిల్‌తో సహా గాలిలోకి లేచి, నా బండి వెనుక అద్దాన్ని పగలగొట్టుకుని వెనుక సీటు వీపులో దిగబడింది. ఆ రోజు వెనుక సీట్లో ఎవరూ లేరు. స్ట్రాప్‌కు చిన్న గీత కూడా పడలేదు. సాగిన స్ట్రాప్ తనలో దాచుకున్న శక్తినంతా ఊడిపోయిన ఇనుప ముక్కకు ఇచ్చేస్తుందని నేను తెలుసుకున్నది ఆ రోజే.

ఇదే కారణంతో ట్రైలర్ తగిలించే టో బాల్‌కు స్ట్రాప్ వేయకూడదు. ఆ గుండు ట్రైలర్‌ను నిలకడగా లాగడానికి తయారైంది. ఒక్కసారిగా పడే కుదుపును దాని మెడ తట్టుకోలేదు, తెగితే అది ఫిరంగి గుండులాగే దూసుకుపోతుంది. అలా తెగిన టో బాళ్లు తగిలి మనుషులు చనిపోయిన ఘటనలు ఉన్నాయి. మీ బండి వెనుక చదరపు గొట్టం ఉన్న హిచ్ రిసీవర్ ఉంటే అది మీకు కలిసివచ్చే విషయం. బాల్ ఉన్న కడ్డీని బయటికి తీసి, దాని స్థానంలో షాకిల్ పట్టే రికవరీ హిచ్ పెట్టుకోండి. వెనుక వైపుకు అంతకన్నా మంచి పాయింట్ దొరకడం కష్టం.

ముందువైపు వీలైతే ఎడమా కుడీ రెండు పాయింట్లు బిగించుకుని, రెంటికీ కలిపి బ్రైడల్ పట్టీ వేయండి. అప్పుడు భారం ఒక్క కమ్మీ మీద పడకుండా రెంటికీ పంచుకుంటుంది. అయితే ఆ పట్టీ పొట్టిదై రెండు కాళ్లు బాగా విచ్చుకుంటే లాభం పోతుంది. కాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలు ఉంటే ఒక్కో కాలు మీద మొత్తం లాగుడులో 58 శాతం పడుతుంది. అదే 120 డిగ్రీలైతే ఒక్కో కాలూ మొత్తం భారాన్నీ మోయవలసి వస్తుంది, అంటే పంచుకోవడమన్నదే లేదు. మూడు మీటర్ల పట్టీ తీసుకుంటే మామూలు వాహనాల వెడల్పుకు కోణం 40 డిగ్రీలు దాటదు.

పాయింట్ల తర్వాత రెండో స్థానం నేను పారకు ఇస్తాను. ఇది చాలామందికి నిరుత్సాహంగా అనిపిస్తుందని తెలుసు, కానీ దీని వెనుక లెక్క ఉంది. అమెరికా సైన్యం తన వాహనాల రికవరీ కోసం వాడే చేతిపుస్తకాల్లో ఒక అంచనా ఉంది. బండి చక్రాల మేరకు బురదలో కూరుకుంటే దాన్ని కదిలించడానికి దాదాపు దాని బరువుకు సమానమైన లాగుడు కావాలి, మడ్‌గార్డుల దాకా కూరుకుంటే రెట్టింపు, క్యాబిన్ దాకా మునిగితే మూడింతలు కావాలి. మీ బండికి ఆ లెక్క వేస్తే చక్రాల లోతులో 2,600 కిలోలు, మడ్‌గార్డుల లోతులో 5,200 కిలోలు. ఎత్తు ఎక్కవలసి వస్తే దీనికి అదనంగా వాలులో ప్రతి డిగ్రీకి బండి బరువులో అరవయ్యో వంతు కలుపుకోవాలి, అంటే 10 డిగ్రీల వాలుకు మరో 430 కిలోలు. ఇప్పుడు పార చేసే పని ఏమిటో ఆలోచించండి. చక్రాల ముందున్న మట్టి దిబ్బను, ఇరుసు కింద, బండి పొట్ట కింద ఆనుకుని ఉన్న మట్టిని తవ్వి తీసేస్తే రెండింతల భారం ఒక్కింత దగ్గరికి వస్తుంది. పదిహేను నిమిషాల తవ్వకం తగ్గించే భారాన్ని వించ్‌తో సమకూర్చుకోవాలంటే మరింత పెద్ద వించ్ కొనవలసి ఉంటుంది. మడతపెట్టే చిన్న పార కాక, బండి కిందికి పడుకుని చేయి చాచినా ఇరుసు దాకా అందే పొడవాటి పిడి ఉన్న పార తీసుకోండి. ఇంకో మాట, అదే చేతిపుస్తకాల ప్రకారం బండి వచ్చిన దారినే వెనక్కి లాగితే అవసరమైన బలం సుమారు 10 శాతం తగ్గుతుంది. ముందుకే వెళ్లాలన్న పట్టుదల పక్కనబెట్టి, చక్రాలు అప్పటికే చేసిన చాళ్లలో వెనక్కి తీయడం చాలాసార్లు సులువైన మార్గం.

ఇసుకలోనైతే పారకన్నా ముందు టైర్లలో గాలి తగ్గించడమే మందు. రోడ్డు మీద 32 నుంచి 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య ఉండే టైరును 15 నుంచి 18 పీఎస్ఐకి దించితే, నేలను తాకే భాగం ముఖ్యంగా పొడవులో పెరుగుతుంది, బరువు ఎక్కువ చోటుకు పంచుకుని చక్రం ఇసుకలోకి దిగడం తగ్గుతుంది. ఇంకా కిందికి పోతే మలుపుల్లో టైరు రిమ్ము నుంచి జారిపోయే ప్రమాదం పెరుగుతుంది కనుక, అంతకన్నా తగ్గించినప్పుడు వేగం, స్టీరింగ్ రెండూ చాలా నెమ్మదిగా ఉండాలి. అందువల్ల నమ్మదగిన గాలి మీటరు, తిరిగి నింపుకునేందుకు బ్యాటరీకి నేరుగా తగిలించే కంప్రెసర్ మీ జాబితాలో స్ట్రాప్ కన్నా పైన ఉండాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే చిన్న కంప్రెసర్ నాలుగు పెద్ద టైర్లు నింపేలోపు వేడెక్కి ఆగిపోతుంది. తిరిగి నింపుకోలేమన్న భయంతోనే చాలామంది గాలి తగ్గించకుండా చక్రాలు తిప్పి తిప్పి బండిని మరింత లోతుకు దించుకుంటారు.

చక్రం కింద పరిచే ట్రాక్షన్ బోర్డులు ఒంటరి ప్రయాణానికి అన్నిటికన్నా అక్కరకొచ్చే వస్తువు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1920ల చివర, 1930ల మొదట్లో లిబియా ఎడారిలో మోటారు కార్లతో అన్వేషణ సాగించిన బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నాల్డ్ బృందం ఉక్కు పట్టాలను మోసుకుపోయి, కూరుకుపోయిన చక్రాల కింద పరిచి బండ్లను బయటికి తీసింది, టైర్లలో గాలి తగ్గించడం కూడా అప్పుడే ఆచరించింది. 1940లో అతను నెలకొల్పిన సైనిక దళమూ అదే పద్ధతి పాటించింది. రెండో ప్రపంచ యుద్ధంలో తాత్కాలిక రన్‌వేల కోసం తయారైన చిల్లుల ఉక్కు పలకలను ఆ తర్వాత ఎడారి ప్రయాణికులు ఇదే పనికి వాడుకున్నారు. ఇప్పుడు మనం కొనే నైలాన్ బోర్డులు వాటి వారసులే. 2005లో ఆస్ట్రేలియాలో మొదలైన మాక్స్‌ట్రాక్స్ వీటిని అందరికీ పరిచయం చేసింది. కొనేటప్పుడు బోర్డును మధ్యలో వంచి చూడండి. వంగి మళ్లీ నిటారుగా వచ్చేది మంచిది, పెళుసుగా బిగుసుకుని ఉన్నది బండి బరువుకు పగులుతుంది. వాడేటప్పుడు చక్రం ముందు తవ్వి, బోర్డు కొసను టైరు కిందికి వీలైనంత లోపలికి తోసి, లో రేంజ్‌లో (ఫోర్ వీల్ డ్రైవ్‌లోని నెమ్మది గేర్లలో) మెల్లగా ఎక్కించాలి. చక్రం ఒక్కచోటే గిర్రున తిరిగితే ఆ వేడికి బోర్డు మీది పళ్లు కరిగిపోతాయి, అప్పుడు ఎంత ఖరీదైన బోర్డయినా నున్నటి పలకే.

ఇక స్ట్రాప్ దగ్గరికి వద్దాం. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. చూపుకు ఒకేలా ఉండే మూడు రకాల పట్టీలు అమ్ముతారు. పాలిస్టర్‌తో నేసిన టో స్ట్రాప్ దాదాపు సాగదు. ఆగిపోయిన బండిని నెమ్మదిగా లాక్కుపోవడానికే అది తగినది. దాంతో కుదుపు ఇచ్చి లాగితే ఆ దెబ్బంతా పాయింట్ల మీదా ఛాసిస్ మీదా పడుతుంది. నైలాన్‌తో నేసిన స్నాచ్ స్ట్రాప్ సుమారు 20 శాతం సాగుతుంది. రెండు పొరలుగా అల్లిన నైలాన్ కైనెటిక్ తాడు 30 శాతం దాకా సాగుతుంది. 9 మీటర్ల స్ట్రాప్ అయితే దాదాపు 1.8 మీటర్లు, అంతే పొడవు కైనెటిక్ తాడు అయితే 2.7 మీటర్ల దాకా సాగి, ముందు బండి వేగాన్ని తనలో నింపుకుని, ఆపైన ముడుచుకుంటూ వెనుక బండిని ఊబిలోంచి ఊడదీస్తుంది. అందుకే దెబ్బలా తగలకుండా, ఎవరో బలంగా నెట్టినట్టు బండి కదులుతుంది. మీరు తరచూ జంటగా వెళ్తారు కనుక, మీకు నేను కైనెటిక్ తాడే సూచిస్తాను. అది ఎక్కువ సాగుతుంది, ఎక్కువ లాగుళ్లు తట్టుకుంటుంది, బురద నుంచి కడగడమూ సులువే.

బలం ఎక్కువైతే మంచిదే కదా అనుకుని చాలామంది దొరికిన వాటిలో అన్నిటికన్నా మందమైనది కొంటారు. స్నాచ్ స్ట్రాప్ విషయంలో ఇది తప్పు. రెండు బండ్లలో తేలికైన దాని నిండు బరువుకు రెండు నుంచి మూడు రెట్ల మధ్య తెగే బలం ఉన్న స్ట్రాప్ ఎంచుకోవాలన్నది నిలిచిన నియమం. మీ 2,600 కిలోలకు అది 5,200 నుంచి 7,800 కిలోలు అవుతుంది. కనుక దానికి దగ్గరగా, సాధారణంగా దొరికే 8,000 కిలోల స్ట్రాప్ మీకు సరిపోతుంది. 15,000 కిలోల స్ట్రాప్ మీ బండి బరువుకు సాగనే సాగదు, సాగని స్ట్రాప్ ఇనుప గొలుసులాగే ప్రవర్తిస్తుంది. బరువు లెక్క వేసేటప్పుడు కంపెనీ కాగితంలోని ఖాళీ బరువు కాక, మనుషులు, నీళ్లు, ఇంధనం, పైన కట్టిన సామాను అన్నీ కలిపి తూచిన బరువు తీసుకోండి. మీ తోటి బండి మీదానికన్నా తేలికదైతే లెక్క దాని బరువు మీద జరగాలని మరవకండి.

వేగం విషయంలో కూడా ఒక లెక్క గుర్తుంచుకోవలసింది. బండిలోని గతిశక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది. మీ 2,600 కిలోల బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటే దానిలో ఉన్న శక్తి, ఆ బండిని సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారవిడిచినప్పటి శక్తికి సమానం. అదే 20 కిలోమీటర్లకు చేరితే ఒకటిన్నర మీటరుకు పైనుంచి జారవిడిచినట్టు. మొదటి లాగుడుకు స్ట్రాప్‌లో ఒకటి రెండు మీటర్ల వదులు మాత్రమే ఉంచి, మొదటి గేరులో మనిషి పరుగు వేగాన్ని మించకుండా వెళ్లండి. కదలకపోతే వేగం పెంచకండి, దిగి మళ్లీ తవ్వండి. రెండు లాగుళ్ల మధ్య స్ట్రాప్‌కు కొన్ని నిమిషాల విశ్రాంతి కావాలి. సాగిన నైలాన్ తిరిగి పూర్వపు పొడవుకు రావడానికి సమయం పడుతుంది, రాకముందే లాగితే అది సాగే గుణం కోల్పోతుంది.

పొడవు చాలక రెండు స్ట్రాపులు కలపవలసి వస్తే మధ్యలో షాకిల్ ఎప్పుడూ పెట్టకండి. తెగితే ఆ ఇనుము ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. ఒక స్ట్రాప్ కంటిని రెండోదాని కంటిలోంచి దూర్చి, ఆ స్ట్రాప్ అవతలి కొసను తన కంటిలోంచే లాగి ముడి పడనివ్వండి. ఆ ముడి బిగుసుకుపోకుండా మధ్యలో చుట్టిన పత్రికో పుల్లో పెడితే తర్వాత విప్పుకోవచ్చు.

షాకిళ్లలో ఒక విషయం సరిగా తెలియక చాలామంది తికమకపడతారు. స్ట్రాప్ మీద రాసి ఉండేది అది తెగే బలం, షాకిల్ మీద ముద్రించి ఉండేది అది సురక్షితంగా మోసే పని భారం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. 19 మిల్లీమీటర్ల మంచి బో షాకిల్ (విల్లులా వంగిన ఉక్కు షాకిల్) మీద 4.75 టన్నులు అని ఉంటుంది. అది తెగే బలం దానికి సాధారణంగా ఆరు రెట్లు, అంటే 28 టన్నులకు పైమాటే. మీ బండికి ఈ కొలత చాలు. ఏ అంకే లేని షాకిల్‌ను మాత్రం ఎంత నిగనిగలాడినా చేత్తో ముట్టుకోకండి. అది పెయింటు వేసిన పోత ఇనుము కావచ్చు. అయితే సాధ్యమైన ప్రతి చోటా నేను ఇప్పుడు సాఫ్ట్ షాకిల్‌నే వాడుతున్నాను. డైనీమా వంటి పాలిథిలిన్ నారతో అల్లిన ఈ తాడు కడియం ఉక్కు షాకిల్‌లో చిన్న వంతు బరువే ఉంటుంది, తెగినా ప్రాణం తీసే ఇనుము ఎగరదు. దాని శత్రువులు రెండే, పదునైన అంచు, వేడి. ఆ నార 150 డిగ్రీల సెల్సియస్ చేరేలోపే కరిగిపోతుంది, అందువల్ల సైలెన్సర్ గొట్టం దగ్గర పెట్టకూడదు. రికవరీ పాయింట్ చిల్లు పలుచటి పలకలో కోసినదైతే అక్కడ ఉక్కు షాకిలే సరైనది.

ఇప్పుడు మీరు అడిగిన వించ్ సంగతి. వించ్ మంచి పరికరం, ఒంటరిగా బురదలోకి వెళ్లేవారికి మరీను, ఎందుకంటే అది కుదుపు లేకుండా, మీ చేతి నియంత్రణలో లాగుతుంది. ఎంచుకునే నియమం సరళం: బండి నిండు బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు. మీకు 3,900 కిలోలు. పౌండ్లలో లెక్క చెప్పే మార్కెట్‌లో 9,500 పౌండ్ల వించ్ అంటే సుమారు 4,300 కిలోలు, అది మీకు తగినది. కానీ ఆ అంకె డ్రమ్ము మీద తాడు మొదటి పొరలో ఉన్నప్పటిదే. పొరలు పెరిగేకొద్దీ డ్రమ్ము వ్యాసం పెరిగి లాగే బలం తగ్గుతుంది, చివరి పొరలో దాదాపు మూడో వంతు పోతుంది. అందుకే వించ్ తాడును వీలైనంత దూరం లాగి, దూరపు చెట్టుకు కట్టడం మేలు. అలాగని మొత్తం విప్పేయకూడదు. ఉక్కు తాడైతే కనీసం ఐదు చుట్లు, సింథటిక్ తాడైతే ఎనిమిది నుంచి పది చుట్లు డ్రమ్ము మీద మిగలాలి, ఎందుకంటే డ్రమ్ముకు బిగించిన చిన్న బోల్టు భారం మోయదు, చుట్ల రాపిడే మోస్తుంది.

మడ్‌గార్డుల లోతులో మీ బండికి 5,200 కిలోల లాగుడు కావాలని పైన చెప్పాను, 9,500 పౌండ్ల వించ్ నేరుగా ఆ పని చేయలేదు. ఇక్కడ పెద్ద వించ్ కొనడం కన్నా కప్పీ కొనడం తెలివైన పని. తాడును చెట్టు దగ్గరి కప్పీ మీదుగా తిప్పి తిరిగి మీ బండి పాయింట్‌కే తగిలిస్తే రాపిడి నష్టం పోను దాదాపు రెట్టింపు బలం వస్తుంది, వేగం సగమవుతుంది, మోటారు మీదా బ్యాటరీ మీదా ఒత్తిడి తగ్గుతుంది. పూర్తి భారంలో విద్యుత్ వించ్ 400 ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. ఇంజిన్ నడుస్తూ ఉండాలి, మధ్యమధ్యలో ఆపుతూ మోటారును చల్లారనివ్వాలి. చెట్టుకు నేరుగా తాడు చుట్టకండి, వెడల్పాటి పాలిస్టర్ ట్రీ స్ట్రాప్ కాండం మొదట్లో వేయండి. బెరడు చుట్టూ కోత పడితే చెట్టు చచ్చిపోతుంది, మనల్ని బయటికి లాగిన చెట్టుకు ఆ హాని చేయకూడదు. సాగే నైలాన్ స్ట్రాప్‌ను వించ్‌తో కలిపి వాడకూడదు. వించ్ దాన్ని సాగదీసి శక్తి నింపుతూనే పోతుంది, ఎక్కడో ఒక చోట అది ఒక్కసారిగా విడుదలవుతుంది.

తాడు ఉక్కుదా సింథటిక్‌దా అంటే నేను సింథటిక్ వైపే ఉంటాను. అది తేలిక, చేతులు కోసే ఉక్కు పోగులుండవు, తెగితే ఉక్కు తాడులా కొరడా దెబ్బ కొట్టదు. ఎండకు, ఇసుక రాపిడికి ఓర్చుకోదు కనుక దానికి తొడుగు వేయాలి, అల్యూమినియం హాస్ ఫెయిర్‌లీడ్ (వించ్ తాడు బయటికి వచ్చే గుండ్రని అంచుల పలక) నున్నగా ఉండాలి. ఇంతకుముందు ఉక్కు తాడు తిరిగి గరుకైన రోలర్ల మీదుగా కొత్త సింథటిక్ తాడు పంపితే కొద్ది రోజుల్లోనే పీచు లేచిపోతుంది.

పొడవాటి హై-లిఫ్ట్ జాక్ గురించి మీరు అడగలేదు, కానీ చాలా కిట్లతో పాటు అంటగడతారు. కూరుకుపోయిన చక్రాన్ని పైకెత్తి కింద బోర్డు పరచడానికి అది బాగా పనిచేస్తుంది. అయితే మెత్తని నేల మీద కింద వెడల్పు చెక్క లేకుండా నిలబడదు, భారంతో ఉన్నప్పుడు పిడి జారితే దవడ పగలగొడుతుంది, మామూలు ప్లాస్టిక్ బంపర్లున్న బండికి పట్టే చోటే ఉండదు. ఉక్కు బంపర్ బిగించుకునేదాకా మీకు అది వద్దు.

కాబట్టి మీ అసలు ప్రశ్నకు వస్తే, సంచిలో కట్టి అమ్మే కిట్ కొనకండి. అందులో స్ట్రాప్ మీ బరువుకు సరిపోకపోవచ్చు, షాకిళ్ల మీద అంకె ఉండకపోవచ్చు. మొదట ముందూ వెనుకా పాయింట్లు, తర్వాత పార, గాలి మీటరు, కంప్రెసర్, ఆపైన ఒక జత బోర్డులు, తోలు చేతితొడుగులు, ఆ తర్వాత 8,000 కిలోల కైనెటిక్ తాడు, రెండు సాఫ్ట్ షాకిళ్లు, 4.75 టన్నుల ఉక్కు షాకిళ్లు రెండు, బ్రైడల్. ఇవన్నీ ఉన్నాక, ఒంటరి ప్రయాణాలు నిజంగా పెరిగితే వించ్, దానితో కప్పీ, ట్రీ స్ట్రాప్. ఆ క్రమంలో కొంటే ప్రతి దశలోనూ మీ దగ్గరున్న వస్తువులతో ఒక పూర్తి పని చేయగలుగుతారు. వించ్ మొదట కొన్నవారు పాయింట్ లేని బండికి వించ్ ఉండి, తోటి బండిని కాపాడలేని స్థితిలో మిగిలిపోతారు.

లాగేటప్పుడు తాడు మధ్యలో బరువైన దుప్పటో మట్టి నింపిన సంచో వేయండి. ఇది తెగిన తాడు ఎగరడాన్ని తగ్గిస్తుంది గానీ పూర్తిగా ఆపదు, అందుకే చూసేవారంతా తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో, లాగే వరుసకు పక్కగా నిలబడాలి. బిగువుగా ఉన్న తాడును ఎవరూ దాటకూడదు. సైగలు ఒక్కరే చేయాలి, ఇద్దరు డ్రైవర్లూ ఆ ఒక్కరినే చూడాలి.

తిరిగి వచ్చాక స్ట్రాపులూ తాళ్లూ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. బురదలోని సన్నని ఇసుక రేణువులు పోగుల మధ్య ఉండిపోయి లోపలినుంచే కోస్తాయి, తడిసిన నైలాన్ బలం కొంత తగ్గుతుంది, ఎండ అన్నిటినీ క్షీణింపజేస్తుంది. కుట్టు విడిపోయినా, అంచు కోసుకుపోయినా, ఒక చోట కరిగి గట్టిపడినా ఆ స్ట్రాప్‌ను మరెవరూ వాడకుండా ముక్కలుగా కోసి పారేయండి. కొత్త వించ్ బిగించాక మొదటి ప్రయాణానికి ముందే ఖాళీ మైదానంలో తాడు దాదాపు మొత్తం విప్పి, బండి బ్రేకును స్వల్పంగా పట్టి ఉంచి ఆ బరువుతో తిరిగి చుట్టండి. వదులుగా చుట్టిన పై పొర అసలు భారం పడిన రోజున కింది పొరల మధ్యకు దూరి బిగుసుకుపోతుంది, అక్కడ ఊబి మధ్య దాన్ని ఊడదీయడం చాలా కష్టం.